ట్రైలర్‌కి వేరే రాష్ట్రం ప్లేటు: టాక్స్‌లో ఏం మిగులుతుంది, ఏం మిగలదు, పని ఎలా పూర్తి చేయాలి

డాలస్ నుంచి ఐ-35 మీద ఉత్తరంగా వెళ్తూ ఏదో ఒక ట్రక్ స్టాప్‌లో ఆగి, రాత్రికి వరసగా నిలబెట్టిన బళ్ల వెనక్కి నడిచి చూడండి. ముందున్న ట్రక్కుకి టెక్సాస్ ప్లేటో, ఒక్లహోమా ప్లేటో ఉంటుంది. వెనక ట్రైలర్‌కి మాత్రం చాలాసార్లు మేన్ అని ఉంటుంది. మేన్ అంటే అమెరికాకి ఈశాన్య మూలన, కెనడాని ఆనుకుని, సుమారు 14 లక్షల జనాభా ఉన్న రాష్ట్రం. ఆ ట్రైలర్లలో చాలా వాటి చక్రాలు ఆ నేల తొక్కి ఉండవు. ఇల్లు మారేటప్పుడు యూ-హాల్‌లో అద్దెకి తెచ్చుకునే చిన్న ట్రైలర్ వెనక కూడా తరచుగా ఇదే ప్లేటు.

ట్రకింగ్‌లో డబ్బు పెట్టిన మనవాళ్లు ఇది గమనించగానే అడిగే మాట ఒకటే: "అన్నా, మేన్‌లో రిజిస్టర్ చేస్తే టాక్స్ ఉండదటగా?"

టాక్స్ ఉంటుంది. తగ్గేది ప్లేటు గొడవ. నాకున్నవి ఐదు ట్రైలర్లు, అన్నీ 53 అడుగుల డ్రై వ్యాన్లు, అంటే మూసి ఉన్న పెట్టె లాంటి మామూలు సరుకు ట్రైలర్లు. ఈ రెండు ముక్కలు అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు అంత టైమ్ పట్టకూడదని ఇదంతా వరసగా రాస్తున్నాను. నేను సీపీఏని, అంటే టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంటుని కాదు. మీ రాష్ట్రం రూల్ మీద చివరి మాట మీ సీపీఏదే.

అసలు ఇది ఎలా కుదురుతుంది

రాష్ట్రాల మధ్య తిరిగే పెద్ద ట్రక్కులకి ఐఆర్‌పీ అనే ఒప్పందం ఉంది. 48 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, కెనడాలోని 10 ప్రావిన్సులు అందులో ఉన్నాయి. అలాస్కా, హవాయి లేవు. 26,000 పౌండ్లు దాటిన బండి కానీ, బరువుతో పని లేకుండా మూడు ఇరుసులున్న ట్రక్కు కానీ ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రంలో తిరిగితే, ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగిందో చూసి ఫీజుని ఆ లెక్కన పంచుతారు. ఆ ప్లేటు కోసం మీ సొంత రాష్ట్రంలో మీకు నిజమైన వ్యాపార స్థలమో, నివాసమో ఉండాలి. మైలేజీ రికార్డులు చూపించాలి. అందుకని ట్రక్కుని తీసుకెళ్లి ఎక్కడో చవక రాష్ట్రంలో పెట్టడం కుదరదు.

ట్రైలర్ సంగతి వేరు. దానికి ఇంజన్ లేదు, మైళ్ల లెక్క లేదు. ఐఆర్‌పీ సభ్య రాష్ట్రాల్లో ఏ ఒక్కదాంట్లో సరిగ్గా రిజిస్టర్ అయినా, మిగతా రాష్ట్రాలు ఆ ట్రైలర్‌ని అలాగే ఒప్పుకుంటాయి. అందులోనూ కారణం ఉంది. ఈ పూట డాలస్‌లో ఒక ట్రక్కు లాగిన ట్రైలర్‌ని రేపు మెంఫిస్‌లో ఇంకో ట్రక్కు తగిలించుకుంటుంది. ఎల్లుండి అది ఏ గోడౌన్ దగ్గరో నాలుగు రోజులు పడి ఉంటుంది. దాని ఇల్లు ఎక్కడని ఎవరు తేలుస్తారు?

ఈ సందులో మేన్ ఒక షాపు తెరిచింది. సెమీ ట్రైలర్లకి (ముందు భాగం ట్రక్కు మీద ఆనే పెద్ద ట్రైలర్లకి), 2,000 పౌండ్లు దాటిన ట్రైలర్లకి ఒకేసారి చాలా ఏళ్లకి, 12 ఏళ్లకీ అంతకంటే ఎక్కువకీ కూడా రిజిస్ట్రేషన్ ఇస్తుంది. ఓనర్ మేన్‌లో ఉండక్కర్లేదు, ట్రైలర్‌ని అక్కడికి తీసుకెళ్లి చూపించక్కర్లేదు. ఏడాదికి ఇంతని విడదీసి చూస్తే ఫీజు చాలా చిన్నది. మేన్ ఊళ్లలో మామూలు బళ్లకి వసూలు చేసే ఎక్సైజ్ టాక్స్ వీటి మీద లేదు.

మన వైపు హైవేల మీద ఎన్‌ఎల్ (నాగాలాండ్) నంబరుతో తిరిగే లారీలు చూసినవాళ్లకి ఇది వెంటనే అనుమానంగా తోస్తుంది. అనుమానం సహజమే. మన మోటారు వాహనాల చట్టంలో బండి మామూలుగా ఎక్కడ ఉంచుతారో, ఓనర్ ఇల్లో వ్యాపారమో ఎక్కడ ఉందో ఆ రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయాలని 40వ సెక్షన్ చెబుతుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్. ఇక్కడ అలా కాదు. మేన్ చట్టమే బయటివాళ్లకి తలుపు తీసి పెట్టింది. మీరు దొంగ అడ్రస్ పెట్టాల్సిన పని లేదు. పెట్టకూడదు కూడా.

మొదటి మెట్టు: మీ ట్రైలర్ ఏ రకమో తేల్చుకోండి

ట్రైలర్ ఎడమ వైపు, అంటే డ్రైవర్ వైపు, ముందు సగంలో ఒక రేకు ముక్కో, స్టిక్కరో ఉంటుంది. ఫెడరల్ రూల్ ప్రకారం ఆ లేబుల్ అక్కడే ఉండాలి. దుమ్ము తుడిచి ఫోన్‌తో ఫోటో తీయండి. తయారైన నెల, సంవత్సరం, జీవీడబ్ల్యూఆర్ అనే గరిష్ఠ బరువు, 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత ఏ కాగితం నింపినా ఈ ఫోటో చూసే నింపాలి. పాత బిల్లు చూసి నింపకండి.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు. దీన్ని లాగే ట్రక్కుకి ఐఆర్‌పీ ప్లేటు ఉందా? ట్రైలర్ నిజంగా రాష్ట్రాలు దాటుతుందా? ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ పడుకుంటుంది?

మొదటి రెండింటికీ అవునంటే ముందుకి వెళ్లొచ్చు. పికప్ ట్రక్కుకి తగిలించి ఊళ్లోనే క్యాటరింగ్ సామానో, గడ్డి కోసే మిషన్లో మోసే చిన్న ట్రైలర్ అయితే ఇక్కడే ఆగిపోండి. దానికి ఈ ఒప్పందం రక్షణ లేదు. మీ రాష్ట్రం ప్లేటే మీ రాష్ట్రం పోలీసు చూడాలనుకుంటాడు. గ్యాస్ స్టేషన్ నడిపే మా బావమరిది ఒకతను ఇలాంటి చిన్న ట్రైలర్‌కే వేరే రాష్ట్రం ప్లేటు వేస్తానని కూర్చున్నాడు. మిగిలేది ఎంతని కాగితం మీద రాయించాను. ఏడాదికి రెండు సినిమా టికెట్ల డబ్బులు. మానేశాడు.

రెండో మెట్టు: ఏ ఖర్చు ఎవరికి వెళ్తుందో విడదీయండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "టాక్స్" అని అన్నీ ఒకే మూటలో కట్టేస్తారు. విప్పి చూస్తే ఐదు వేరు వేరు ఖర్చులు కనిపిస్తాయి.

ఒకటి, రిజిస్ట్రేషన్ ఫీజు. ప్లేటు మారితే మారేది ఇదొక్కటే.

రెండు, ఫెడరల్ ఎక్సైజ్ టాక్స్. 26,000 పౌండ్లు దాటిన కొత్త ట్రైలర్ మొదటిసారి అమ్ముడైనప్పుడు 12 శాతం. 50,000 డాలర్ల ట్రైలర్ మీద 6,000. డీలర్ బిల్లులోనే కలిసి వస్తుంది. ప్లేటు మేన్‌ది అయినా, మార్స్‌ది అయినా తప్పదు. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొంటే ఇది ఉండదు. మొదటిసారి కొనేవాళ్లకి నేను పాత ట్రైలరే చూడమనడానికి ఇదొక కారణం.

మూడు, ఫారం 2290తో ఏటా కట్టే హెవీ వెహికల్ టాక్స్. 55,000 పౌండ్ల నుంచి మొదలై, 75,000 దాటితే గరిష్ఠంగా 550 డాలర్లు. ఇది ట్రక్కు పేరు మీద కడతారు, లాగే ట్రైలర్ బరువు కూడా అందులోనే లెక్కకి వస్తుంది. ట్రైలర్‌కి విడిగా లేదు. కాబట్టి దీనిలో మిగిలేదీ లేదు.

నాలుగు, సేల్స్ టాక్స్, దాని కవల అయిన యూజ్ టాక్స్. అసలు డబ్బు ఇక్కడుంది. టెక్సాస్‌లో మోటారు వాహనాల సేల్స్ టాక్స్ 6.25 శాతం. 30,000 డాలర్ల పాత డ్రై వ్యాన్ మీద 1,875. ఒరెగాన్, మోంటానా, డెలావేర్, న్యూ హాంప్‌షైర్ లాంటి సేల్స్ టాక్స్ లేని చోట కొని తెచ్చుకుంటే తప్పించుకున్నట్టే అనుకుంటారు. తప్పదు. వేరే చోట కొని ఇక్కడ వాడితే మీ రాష్ట్రం యూజ్ టాక్స్ అంటుంది. అక్కడ కట్టి ఉంటే ఎక్కువ రాష్ట్రాలు ఆ మేరకు తగ్గిస్తాయి. అక్కడ ఏమీ కట్టకపోతే ఇక్కడ పూర్తిగా కట్టాలి. ప్లేటు ఏ రాష్ట్రానిదో ఈ లెక్కలోకి రానే రాదు.

ఐదు, ఆస్తి పన్ను. టెక్సాస్‌లో వ్యాపారానికి వాడే సామానుకి జనవరి 1 నాటి విలువ మీద కౌంటీ పన్ను వేస్తుంది, 2026 నుంచి 1,25,000 డాలర్లు దాటిన విలువ మీదే. ట్రైలర్లూ ఆ లెక్కలోవే. విలువ అంత దాటితే వాటిని ప్రకటించే కాగితం ఏప్రిల్ 15 లోపు ఇవ్వాలి. ఆఫీసరు ప్లేటు చూడడు. ట్రైలర్ ఎవరిది, దాని వ్యాపారం ఎక్కడిది అని చూస్తాడు.

ఇప్పుడు చెప్పండి, ఐదింట్లో ప్లేటు మార్చగలిగింది ఎన్ని? ఒకటి. అదీ అన్నిటికంటే చిన్నది. టెక్సాస్‌లో ట్రక్కు లాగే సెమీ ట్రైలర్‌కి టోకెన్ ట్రైలర్ ప్లేటని ఇస్తారు. దాని ఫీజు ఏడాదికి 15 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. మేన్‌కి మారితే దీంట్లో మీకు మిగిలేది ఎంత? డబ్బు కాదు మిగిలేది, ఏటా రెన్యూవల్ తప్పడం. ఐదు ట్రైలర్లు ఐదు ఊళ్లలో ఉన్నప్పుడు స్టిక్కర్ మార్చడమనేది ఎంత తలనొప్పో పడ్డవాడికే తెలుసు. ఒకసారి నా ట్రైలర్ ఒకటి ఒహాయోలో ఉండగా స్టిక్కర్ గడువు అయిపోయింది. కొత్త స్టిక్కర్ మా ఇంటి డ్రాయర్‌లో భద్రంగా ఉంది. డ్రైవర్‌కి టికెట్ పడింది, డబ్బు నేను కట్టాను. ఆ టికెట్ డబ్బుతో మేన్ ప్లేటు మీద చాలా ఏళ్లు గడిచిపోయేవి.

మూడో మెట్టు: ముందు సొంత రాష్ట్రం ఇచ్చేది చూడండి

మేన్ పేరు బాగా వినబడుతుంది కానీ, ఒకసారి ప్లేటు తీసుకుంటే ఏటా రెన్యూవల్ అక్కర్లేని పద్ధతి ఇంకా చాలా చోట్ల ఉంది. ఇండియానా, ఇల్లినాయి, టెనెసీ సెమీ ట్రైలర్లకి శాశ్వత ప్లేట్లు ఇస్తాయి. కాలిఫోర్నియా 2001 చివర్లోనే చాలా ట్రైలర్లని శాశ్వత ప్లేటు పద్ధతికి మార్చి, బరువు ఫీజుని లాగే ట్రక్కు మీద వేసింది. మీరు ఆ రాష్ట్రాల్లో ఉంటే మేన్‌కి పోవడం వృథా. టెక్సాస్‌లో కూడా టోకెన్ ట్రైలర్‌ని ఒకేసారి ఐదేళ్ల వరకు రిజిస్టర్ చేసుకునే వీలుంది. ఒకటో రెండో ట్రైలర్లు ఉన్నవాళ్లు దాంతోనే సరిపెట్టుకోవచ్చు.

ఏజెంటు ఫీజు కూడా ఈ లెక్కలో వేయండి. మేన్ వసూలు చేసేది ఒకటి, మధ్యలో కాగితాలు నడిపే కంపెనీ తీసుకునేది ఇంకొకటి. ఫోన్‌లో రెండూ కలిపి ఒక నంబరు చెబుతారు. "ప్రభుత్వానిది ఎంత, మీది ఎంత?" అని విడదీసి ఈమెయిల్‌లో రాయమనండి. రాయనంటే వేరేవాళ్లని చూసుకోండి.

నా లెక్కలో పది ట్రైలర్లు దాటినవాడికి, ట్రైలర్లు నెలల తరబడి ఇంటికి రానివాడికి, ట్రైలర్లని వేరేవాళ్ల ట్రక్కులకి లీజుకిచ్చేవాడికి మేన్ ప్లేటు నిజంగా పనికొస్తుంది. మిగతావాళ్లకి అది ఫ్యాషన్.

నాలుగో మెట్టు: యూజ్ టాక్స్ సంగతి ప్లేటు కంటే ముందే తేల్చండి

ఇది వెనక్కి నెట్టే పని కాదు. ప్లేటు చేతికొచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లకి రెండు మూడేళ్ల తర్వాత నోటీసు వస్తుంది. అప్పుడు టాక్స్, పైన వడ్డీ, పైన పెనాల్టీ.

టాక్స్ తగ్గించుకునే నిజమైన దారి మీ సొంత రాష్ట్రం మినహాయింపుల్లోనే ఉంది. రాష్ట్రాల మధ్య సరుకు మోసే బళ్లకి చాలా రాష్ట్రాలు సేల్స్ టాక్స్ మినహాయింపు ఇస్తాయి. ఇల్లినాయిలో దీన్ని రోలింగ్ స్టాక్ మినహాయింపు అంటారు. సగానికి పైగా వాడకం అంతర్రాష్ట్ర కిరాయిలకే ఉందని ట్రిప్పుల లెక్కనో, మైళ్ల లెక్కనో చూపించాలి. న్యూ జెర్సీలో 26,000 పౌండ్లు దాటిన కమర్షియల్ ట్రక్కులకి, వాటితో కలిపి వాడే ట్రైలర్లకి మినహాయింపు ఉంది, కాకపోతే చట్టప్రకారం సరిగ్గా రిజిస్టర్ అయి ఉండాలన్న షరతు ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు వేరే రాష్ట్రం ప్లేటుకి వెళ్లేముందు ఈ షరతుని సీపీఏతో చదివించుకోండి. అక్కడి సేల్స్ టాక్స్ 6.625 శాతం కాబట్టి పొరపాటు పడితే చిన్న మొత్తం కాదు. టెక్సాస్‌లోనూ అంతర్రాష్ట్ర రవాణాకి వాడే ట్రైలర్లకి మినహాయింపు ఉంది. ఆ వాడకం ఆగిపోతే మినహాయింపు కూడా పోతుంది.

చూశారా, 30,000 డాలర్ల ట్రైలర్ మీద 1,875 మిగిల్చేది ఈ మినహాయింపు అడిగే ఒక్క ఫారం. మేన్ ప్లేటు ఆ పని చేయదు. కానీ జనం ప్లేటు గురించి గంటలు మాట్లాడుకుంటారు, ఈ ఫారం పేరు కూడా ఎత్తరు.

మినహాయింపు అడిగితే రుజువు దాచాలి. ప్రతి లోడుకి బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పే రసీదు), ఏ ట్రైలర్ ఏ లోడుకి వెళ్లిందో తెలిసేలా ట్రైలర్ నంబరు, వీలైతే జీపీఎస్ రికార్డు. నేను ప్రతి ట్రైలర్‌కి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, నెలకోసారి అన్నీ అందులో పడేస్తాను. ఆడిటర్ అడిగే రోజున వెతుక్కుంటూ కూర్చోవడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఆస్తి పన్నులో కూడా ఇలాంటి దారి ఒకటుంది. టెక్సాస్‌లో వ్యాపార వాహనాలు రాష్ట్రం లోపలా బయటా నిత్యం తిరుగుతుంటే, విలువలో రాష్ట్రం లోపల వాడిన వాటా మీదే పన్ను వేయమని అడగొచ్చు. అడగాలి అంతే. వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

ఐదో మెట్టు: టైటిల్, అప్పు

టైటిల్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. టైటిల్ అంటే ఓనర్ ఎవరో చెప్పే కాగితం, రిజిస్ట్రేషన్ అంటే రోడ్డు మీద తిరగడానికి అనుమతి. ట్రైలర్ ఫైనాన్స్‌లో ఉంటే బ్యాంకు పేరు టైటిల్ మీద ఉంటుంది. మీ అప్పు పత్రంలో టైటిల్ ఫలానా రాష్ట్రంలోనే ఉండాలని, మార్చాలంటే తమని అడగాలని రాసి ఉండొచ్చు. చదవండి. ముందు బ్యాంకుకి ఈమెయిల్ పెట్టి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

ట్రైలర్‌ని ఎల్‌ఎల్‌సీ (మీరు పెట్టుకున్న చిన్న కంపెనీ) పేరు మీద కొంటున్నారా, మీ సొంత పేరు మీదా? ఏదైనా సరే కానీ బిల్లు, టైటిల్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ నాలుగింటిలోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా. ఎల్‌ఎల్‌సీ పేరు పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఆరో మెట్టు: కాగితాలు పంపడం

మేన్ పనికి ఎక్కువమంది ఏజెంటు ద్వారానే వెళ్తారు. పంపాల్సినవి పెద్దగా ఏమీ లేవు. కొత్త ట్రైలర్ అయితే తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, పాతదైతే అమ్మినవాడు మీ పేరుకి సంతకం చేసిన టైటిల్. రెండింట్లో ఏదైనా బిల్ ఆఫ్ సేల్ జత చేయాలి. ఏజెంటుకి మీ తరపున సంతకం చేసే అధికార పత్రం. ఎన్నేళ్లకి కావాలో రాయాలి.

ఎన్నేళ్లకి తీసుకోవాలన్నది మీ ట్రైలర్ వయసుని బట్టి చూసుకోండి. పదేళ్ల పాతదానికి ఇంకో పాతికేళ్ల ప్లేటు దేనికి? దాని నేల, తలుపులు ఎన్నాళ్లు నిలుస్తాయో అన్నాళ్లకి చాలు.

అసలైన టైటిల్ పోస్టులో పంపేముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి, ట్రాకింగ్ ఉన్న కవరులోనే పంపండి. ప్లేటు, కాగితాలు రాగానే చేయాల్సిన మొదటి పని, మీరు తీసిన లేబుల్ ఫోటో పక్కన పెట్టుకుని విన్ నంబరుని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవడం. నా రెండో ట్రైలర్‌కి ఏజెంటు దగ్గర ఎవరో 8 ఉన్నచోట బి కొట్టారు. నేను చూసుకోలేదు. వెయ్ స్టేషన్‌లో (హైవే పక్కన ట్రక్కుల బరువు తూచే చోట) తనిఖీకి ఆపినప్పుడు, కాగితంలో ఉన్న ట్రైలర్ ఇది కాదు అన్నారు. డ్రైవర్ గంటన్నర అక్కడే. లోడు అపాయింట్‌మెంట్ పోయింది. సరిచేయించడానికి ఏజెంటుతో మూడు వారాలు ఈమెయిళ్లు. ఒక చిట్కా: విన్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నానే, నిలువు గీతలా కనిపించేది ఒకటే.

ఉత్తరాలు వచ్చే అడ్రస్‌గా మీ సొంత అడ్రస్సే ఇవ్వండి, ఏజెంటుది వద్దు. దీనికి ఒక గట్టి కారణం ఉంది. చాలా టోల్ గేట్ల దగ్గర కెమెరా వెనక ప్లేటుని ఫోటో తీస్తుంది. వెనక ఉన్నది మీ ట్రైలర్ ప్లేటు. మీ ట్రైలర్‌ని వేరేవాళ్ల ట్రక్కు లాగుతున్నా, వాళ్ల టోల్ ట్యాగ్ పనిచేయకపోతే బిల్లు మీ పేరు మీదకే వస్తుంది. ఆ ఉత్తరం ఏజెంటు ఆఫీసులో ఎక్కడో పడి ఉంటే, 6 డాలర్ల టోలు లేటు ఫీజులతో 60 అయ్యాక మీకు తెలుస్తుంది.

ఏడో మెట్టు: ఇన్సూరెన్స్‌లో నిజం చెప్పడం

ఇన్సూరెన్స్ ఫారంలో బండి ఎక్కడ నిలుపుతారని అడుగుతారు. ప్లేటు మేన్‌ది కదా అని అక్కడ మేన్ అని రాయొద్దు. ట్రైలర్ నిజంగా ఎక్కడ ఉంటుందో అదే రాయాలి. అబద్ధం రాస్తే దొంగతనమో, యాక్సిడెంటో జరిగిన రోజున కంపెనీ ఆ ఒక్క లైన్ పట్టుకుని క్లెయిమ్ ఇవ్వనంటుంది. ప్లేటు వేరే రాష్ట్రానిదని ముందే చెబితే ఏ ఏజెంటూ ఆశ్చర్యపోడు. వాళ్లు రోజూ చూసేదే.

ఎనిమిదో మెట్టు: ప్లేటు బిగించాక

రిజిస్ట్రేషన్ కాపీ ట్రైలర్‌తోనే ఉండాలి. చాలా ట్రైలర్ల ముందు గోడకి మూత ఉన్న ఒక ప్లాస్టిక్ గొట్టమో, చిన్న డబ్బానో ఉంటుంది. కాగితాన్ని జిప్ కవర్‌లో పెట్టి అందులో వేయండి. ఊరికే చుట్టి పెడితే మొదటి వానకే ముద్దవుతుంది. ఇంకో కాపీ డ్రైవర్ ఫోన్‌లో. ప్లేటుని రెండు స్క్రూలతో వదిలేస్తే చాలా ఏళ్లు నిలబడదు. డాక్ గోడలకి తగిలి వంగుతుంది, ఊగి ఊగి రంధ్రాల దగ్గర చిరుగుతుంది. నాలుగు మూలలా బిగించండి, వెనక వాషర్లు వేయండి.

ఏటా రెన్యూవల్ లేదు కదా అని ఏటా తనిఖీ కూడా లేదనుకోకండి. ఫెడరల్ రూల్ ప్రకారం ప్రతి కమర్షియల్ ట్రైలర్‌కి 12 నెలలకోసారి అర్హత ఉన్న మెకానిక్‌తో పూర్తి తనిఖీ జరగాలి. ఆ రిపోర్టుని 14 నెలలు దాచాలి. ప్లేటు ఏ రాష్ట్రానిదైనా ఇది తప్పదు. మేన్ ప్లేటుకి మారినవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. పాత పద్ధతిలో రిజిస్ట్రేషన్ గడువే వాళ్లకి తనిఖీని గుర్తు చేసేది. ఇప్పుడు గుర్తు చేసేవాడు లేడు. ఫోన్ క్యాలెండర్‌లో పదకొండో నెలకి పెట్టుకోండి.

దిగకూడని దారులు

మోంటానాలో ఎల్‌ఎల్‌సీ పెట్టి బండి దాని పేరు మీద కొంటే సేల్స్ టాక్స్ లేదని ప్రకటనలు చూస్తూనే ఉంటారు. ఆ ఎల్‌ఎల్‌సీకి అక్కడ వ్యాపారం ఉండదు, ఉద్యోగి ఉండడు, ఒక తపాలా పెట్టె ఉంటుంది. ఖరీదైన కార్లు, ఆర్వీలు (ఇల్లులా ఉండే బళ్లు) కొన్నవాళ్ల వెంట చాలా రాష్ట్రాల టాక్స్ శాఖలు పడుతున్నది ఈ విషయంలోనే. కాలిఫోర్నియాలో అయితే వేరే రాష్ట్రం ప్లేటుతో అక్కడే తిరుగుతున్న బళ్లని ఎవరైనా చూసి రిపోర్ట్ చేయడానికి హైవే పట్రోల్‌కి చీటర్స్ అని ఒక ప్రోగ్రామే ఉంది. కమర్షియల్ సెమీ ట్రైలర్‌కి మేన్ ప్లేటు వేయడం, టాక్స్ ఎగ్గొట్టడానికి డొల్ల కంపెనీ పెట్టడం ఒకటి కాదు. అమ్మేవాళ్లు రెండిటినీ కలిపి చెబుతారు.

ట్రైలర్ రాష్ట్రం దాటకుండా మీ ఊరి గోడౌన్ నుంచి మీ ఊరి షాపులకే సరుకు మోస్తుంటే కూడా దీనికి దూరంగా ఉండండి. అంతర్రాష్ట్రం అన్న మాట మీద నిలబడిన ఏర్పాటు ఇది. ఆ మాట అబద్ధమైతే మినహాయింపులూ పోతాయి, ప్లేటు మీదా ప్రశ్న వస్తుంది.

అమ్మేటప్పుడు

ట్రైలర్ అమ్మిన రోజే, కొన్నవాడు తీసుకెళ్లకముందే ప్లేటు విప్పి ఇంటికి తెచ్చుకోండి. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి డబ్ల్యూడీ-40 డబ్బా, ఒక చిన్న రంపం వెంట ఉంచుకోండి. ప్లేటు లేకుండా ఎలా తీసుకెళ్లను అని కొన్నవాడు బతిమాలతాడు. అతను తాత్కాలిక పర్మిట్ తెచ్చుకోవాలి. మొహమాటపడి వదిలేస్తే ఆ ప్లేటు మీద పడే ప్రతి టోలు, ప్రతి టికెట్ మీ ఇంటికే వస్తుంది. ఇంకా చాలా ఏళ్ల గడువున్న ప్లేటు కదా, అన్నేళ్లూ వస్తూనే ఉంటుంది. బిల్ ఆఫ్ సేల్ మీద అమ్మిన తేదీతో పాటు టైమ్ కూడా రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏజెంటుకి అమ్మినట్టు చెప్పి, మిగిలిన గడువుని ఇంకో ట్రైలర్‌కి మార్చే వీలుందేమో అడగండి. ఇన్సూరెన్స్ నుంచి ఆ ట్రైలర్‌ని తీయించండి. జనవరి 1 కంటే ముందే అమ్మితే, ఆ జనవరితో మొదలయ్యే ఏడాదికి కౌంటీకి ఇచ్చే కాగితంలో అది ఉండకుండా చూసుకోండి.